చేతిలో ఊరు, నెత్తిన చలికాలం

కంప్యూటర్ అంటే గది నిండా పట్టే యంత్రమైన కాలంలో, 1964 ప్రాంతంలో, న్యూయార్క్ రాష్ట్రంలో మేబెల్ ఆడిస్ అనే ఉపాధ్యాయురాలు ఐబీఎం వాళ్లతో కలిసి బడిపిల్లల కోసం ఒక ఆట రాశారు. పేరు 'సుమేరియన్ గేమ్'. ఆడే పిల్లో పిల్లాడో లగాష్ అనే ప్రాచీన నగరానికి ఏలిక. పండిన ధాన్యంలో జనం తిండికి ఎంత, విత్తనానికి ఎంత, గాదెలో దాచడానికి ఎంత? ప్రతి కారుకూ ఈ లెక్క తేల్చాలి. తిండికి ఎక్కువ పంచితే వచ్చే కారుకు విత్తనం ఉండదు. తక్కువ పంచితే జనం రాలిపోతారు. టైపు మిషన్ లాంటి టెర్మినల్ కాగితం మీద అచ్చు వేసే మాటలు, అంకెలే ఆటలో చాలా భాగం.

అరవై ఏళ్లు గడిచాయి. ఇవాళ ప్లే స్టోర్‌లో 'సర్వైవల్' అని వెతికితే మంచు తుపానులు, జాంబీలు, దిక్కులేని దీవులు తెర నిండా వస్తాయి. లోపల చూస్తే చాలావాటిలో ఉన్నది ఆ ధాన్యం లెక్కే. ధాన్యం పోయి కట్టెలు, బొగ్గు, మాంసం, ఇనుము వచ్చాయి. ఇలాంటి ఆటను ఫోన్ కోసం తయారుచేయాలనుకునే వాళ్ల ముందు చాలా చిక్కులుంటాయి. బొమ్మలు ఎలా ఉండాలి, మ్యాప్ ఎంత పెద్దదిగా ఉండాలి, డబ్బు ఎలా వస్తుంది, చచ్చిపోతే ఏం జరగాలి. నాకు మాత్రం ఇవన్నీ ఒకే ప్రశ్న దగ్గర ముడిపడి కనిపిస్తాయి: ఆటలోని కొరత ఎక్కడ పుట్టింది? చలిలోంచో కరువులోంచో ఆడేవాళ్ల తప్పుడు అంచనాలోంచో పుట్టిన కొరత మనిషిని ఆలోచనలో పడేస్తుంది. అమ్మకం కోసం పుట్టించిన కొరత పర్సు తీయిస్తుంది. ఫోన్‌లో ఈ రెండింటి మధ్య గీత బాగా పలచన. మంచి డిజైనర్లు కూడా తెలియకుండానే దాన్ని దాటేస్తుంటారు.

పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకుంటే మిగతాది అర్థమవుతుంది. 1971లో అమెరికాలోని మిన్నెసోటాలో డాన్ రావిట్ష్ అనే యువకుడు, ఇద్దరు మిత్రులతో కలిసి 'ఒరెగాన్ ట్రైల్' రాశాడు. బండి కట్టుకుని పడమటికి వలస వెళ్లే కుటుంబం కథ అది. తిండి, తూటాలు, బట్టలు ఎంత కొనుక్కుని బయల్దేరాలో ముందే తేల్చుకోవాలి. 1989లో విల్ రైట్ 'సిమ్‌సిటీ'తో ఊరు కట్టడమే ఆట అయింది. ఈ రెండు పాయలూ, అంటే బతికి బయటపడటం, ఊరు నిలబెట్టడం, చాలాకాలం విడివిడిగానే సాగాయి. 2006లో ఆడమ్స్ సోదరుల 'డ్వార్ఫ్ ఫోర్ట్రెస్', 2009లో తొలిసారి జనం చేతికొచ్చిన 'మైన్‌క్రాఫ్ట్' వాటిని దగ్గరికి తెచ్చాయి. మైన్‌క్రాఫ్ట్‌లో చీకటి పడితే శత్రువులు వస్తారు కాబట్టి ఇల్లు కట్టుకోవాలి. ఇల్లు కట్టే అవసరం బయటి నుంచి చెప్పిన పనిగా కాక రాత్రిలోంచి పుట్టింది. 2011లోనే అది ఫోన్‌లోకీ వచ్చింది.

ఈ కోవలో డిజైనర్లు చదువుకోవాల్సిన మొదటి పాఠం నా లెక్కలో 'బానిష్డ్'. 2014 ఫిబ్రవరిలో వచ్చిన ఈ పీసీ ఆటను ల్యూక్ హోడోరోవిచ్ ఒక్కడే తయారుచేశాడు. వెలివేతకు గురైన కొన్ని కుటుంబాలు అడవి పక్కన ఊరు కట్టుకోవడమే ఇందులోని కథ. శత్రువులు లేరు, యుద్ధం లేదు, ఊళ్లో డబ్బు కూడా లేదు. ఉన్నది చలికాలం, వంటచెరకు, తిండి, పనిముట్లు, మనుషుల వయసు. మొదటి కొన్నేళ్లు బాగానే ఉంటుంది. తిండి మిగులుతోంది కదా అని ఆడేవాళ్లు కొత్త ఇళ్లు కట్టడం ఆపేస్తారు. అక్కడే దెబ్బ పడుతుంది. ఇల్లు దొరకని పడుచువాళ్లు వేరు కాపురం పెట్టరు, పిల్లలు పుట్టరు. ఆ సంగతి వెంటనే కనిపించదు. కొన్నేళ్లు గడిచాక ముసలివాళ్లు ఒకరి వెంట ఒకరు పోతుంటే పొలంలో దిగే చేతులు ఉండవు. పంట తగ్గుతుంది, కట్టెలు కొట్టేవాడు ఉండడు, కమ్మరి కొలిమి ఆరిపోతుంది, పనిముట్లు అరిగిపోతాయి. అప్పుడు ఎన్ని ఇళ్లు కట్టినా ఊరు కోలుకోదు. తప్పు చేసిన రోజుకూ ఫలితం కనబడిన రోజుకూ మధ్య ఒక తరం గడిచిపోయింది.

ఇది ఎందుకు గొప్ప డిజైన్ అంటే, ఆడేవాళ్లను ఓడించింది వాళ్ల నిర్ణయమే. వెనక్కి తిరిగి చూసుకుంటే ఎక్కడ గతి తప్పిందో వేలు పెట్టి చూపించవచ్చు. ఓటమి అన్యాయంగా అనిపించదు. మళ్లీ మొదలుపెడదామనే కసి పుడుతుంది. అయితే దీన్ని ఉన్నపళంగా ఫోన్‌లోకి తెస్తే నిలవదు. ఒక తరం గడిచాక కనబడే ఫలితాన్ని చూడాలంటే కదలకుండా గంటలు కూర్చోవాలి. బస్సులో పది నిమిషాలు, నిద్రపోయే ముందు ఓ పావుగంట ఆడేవాళ్లకు ఈ గొలుసు మధ్యలోనే తెగిపోతుంది. నిన్న రాత్రి ఇళ్లు కట్టడం ఎందుకు ఆపానో ఇవాళ పొద్దున గుర్తుండదు. అందుకే ఫోన్ ఆటలో కారణానికీ ఫలితానికీ మధ్య దూరాన్ని ఒకటి రెండు సార్లు ఆడేంత వ్యవధికి కుదించాలి, లేదంటే ఆ దూరాన్ని ఆటే గుర్తుపెట్టుకుని చెప్పాలి. 'మూడేళ్ల కిందట ఇళ్లు ఆపేశారు, అందుకే ఇప్పుడు బడిలో పిల్లలు లేరు' అని ఊరి పెద్ద ఎవరైనా ఒక్క మాట అంటే చాలు. చాలా ఆటల్లో ఈ మాట చెప్పేవాళ్లే ఉండరు. వాళ్ల బదులు తెర అంచున అయిదారు ఎర్ర చుక్కలు మెరుస్తుంటాయి.

రెండో పాఠం వార్సాలోని 11 బిట్ స్టూడియోస్ వాళ్లది. 2018లో వచ్చిన వాళ్ల 'ఫ్రాస్ట్‌పంక్'లో లోకమంతా గడ్డకట్టుకుపోయింది. ఒక పెద్ద బొగ్గు జనరేటర్ చుట్టూ వలయంగా ఊరు కట్టాలి. జనరేటర్‌కు దగ్గరున్నవాడికి వెచ్చదనం, దూరమున్నవాడికి జబ్బు. ఆటలోని ప్రతి అంశం ఈ ఒక్క వేడి చుట్టూనే తిరుగుతుంది: ఇల్లు ఎక్కడ కట్టాలి, ఎవరు పనికి వెళ్లాలి, రాత్రి జనరేటర్‌ను ఎంత మండించాలి. చేతులు చాలనప్పుడు ఒక చట్టం ముందుకొస్తుంది: పిల్లలను పనిలో పెట్టడమా, వాళ్లకు ఆశ్రయం కట్టడమా? బొగ్గు నిండుకుంటున్న రాత్రి ఆ చట్టం మీద వేలు పెట్టేటప్పుడు ఆడేవాళ్లు నిజంగానే ఆగుతారు. తిండి చాలకపోతే భోజనంలో రంపపు పొట్టు కలిపే చట్టం కూడా ఉంది. తెర కింద ఆశ, అసంతృప్తి అనే రెండు పట్టీలు ఊరి మనసును చూపిస్తుంటాయి. అదే సంస్థ 2014లో తెచ్చిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' సరయెవో ముట్టడి స్ఫూర్తితో వచ్చింది. ఆకలికి తాళలేక వృద్ధ దంపతుల ఇంట్లో తిండి దొంగిలిస్తే, తెచ్చిన మనిషే కుంగిపోతాడు. సరుకు సంచిలో ఉంటుంది, మనిషి మాత్రం మూలన కూలబడతాడు. 2020లో పోలండ్ ప్రభుత్వం ఈ ఆటను విద్యార్థుల సిఫారసు జాబితాలో చేర్చింది. మొబైల్‌లోకి అది 2015లోనే వచ్చింది, బాగానే కుదిరింది కూడా. ఒక ఇల్లు, కొద్దిమంది మనుషులు, పగలు ఇంటిపని, రాత్రి వేట. చిన్న తెరకు సరిపడే కొలత.

ఈ రెండు ఆటలు చూస్తే ఒక సంగతి గట్టిగా తెలుస్తుంది. ఆటకు ఒక్క వెన్నెముక ఉండాలి. వేడి అయితే వేడి, ఆకలి అయితే ఆకలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి రోజే ఆకలి, దాహం, నిద్ర, చలి, జబ్బు, మానసిక స్థితి, పనిముట్ల అరుగుదల అన్నీ పెట్టేస్తారు. తెర మీద ఏడు పట్టీలు వస్తాయి. ఆడేవాడు వాటిని నింపే గుమాస్తా అవుతాడు. అతనికి నిర్ణయమంటూ మిగలదు.

చిన్న తెరకు ఎంత తక్కువ సరిపోతుందో చూపించిన ఆటలు రెండు. 'కింగ్‌డమ్' 2015లో పీసీ మీద వచ్చి, తర్వాత 'న్యూ లాండ్స్' రూపంలో ఫోన్లకు చేరింది. ఆడేవాళ్లు గుర్రం మీద రాజో రాణో. ఎడమకు పోవచ్చు, కుడికి పోవచ్చు, నాణెం వేయవచ్చు. అంతే. దిక్కులేని మనిషి ముందు నాణెం వేస్తే ఊళ్లో చేరతాడు. విల్లు ఖరీదు కడితే వేటగాడవుతాడు, సుత్తి ఖరీదు కడితే వడ్రంగి అవుతాడు. గోడకు, బురుజుకు, పొలానికి అన్నిటికీ అదే నాణెం. సంచి కంటికి కనిపిస్తూ ఉంటుంది. నిండిపోయాక ఇంకా పోస్తే నాణేలు నీళ్లలో పడిపోతాయి. మెనూ లేదు, పట్టీ లేదు. రాత్రి శత్రువులు వచ్చి కిరీటం ఎత్తుకుపోతే ఆట ముగిసింది. బొటనవేలు ఒక్కటే ఆడుతున్నా బుర్ర మొత్తం పనిలో ఉంటుంది.

ఇంకొకటి 'ఎ డార్క్ రూమ్'. 2013లో మైఖేల్ టౌన్‌సెండ్ వెబ్ కోసం రాస్తే అమీర్ రాజన్ దాన్ని ఐఫోన్‌కు తెచ్చాడు. 2014 ఏప్రిల్‌లో అమెరికా యాప్ స్టోర్‌లో అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరింది. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. తెరిస్తే చీకటి గది, మంట వెలిగించే బటన్ ఒకటి. మంట వెలిగించాక కట్టె వేయాలి. కాసేపటికి చలికి వణుకుతూ ఒక అపరిచితురాలు గదిలోకి వచ్చి పడుతుంది. వెచ్చబడ్డాక తాను కట్టడం పని చేయగలనంటుంది. అప్పుడు బయట అడవి ఉందని తెలుస్తుంది. కట్టెలు, ఉచ్చులు, బండి, ఆ తర్వాత గుడిసె. గుడిసె కడితే ఎక్కడి నుంచో మనుషులొస్తారు. వాళ్లకు పనులు పంచాలి. ఇంతదాకా ఆట ఏదీ నేర్పలేదు, వేలు చూపే బాణం గుర్తులు పెట్టలేదు. ఒక్కో బటన్ దానంతటది పుట్టుకొస్తుంటే లోకం పెద్దదవుతూ పోయింది. పదాలే కావడం వల్ల తెరను చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌తో చూపులేని వాళ్లూ దీన్ని ఆడగలిగారు. కోట్ల ఖర్చుతో త్రీడీ బొమ్మలు గీయించే స్టూడియోలు ఒకసారి ఆగి చూడాల్సిన పని ఇది.

తెర మీద బటన్ల సంగతి తేలికగా తీసుకోకూడదు. వేలితో తాకే చోటు కనీసం 44 పాయింట్లు ఉండాలని యాపిల్, 48 డీపీ ఉండాలని గూగుల్ చెబుతాయి. రెండోది దాదాపు 9 మిల్లీమీటర్లు. ఊరిని బాగా దూరం నుంచి చూపిస్తే ఇంటి బొమ్మ అంతకంటే చిన్నదవుతుంది. తాకబోయింది బావి, తగిలింది పక్కనున్న కొట్టం. పైగా వేలు పెట్టగానే వేలే ఆ చోటును కప్పేస్తుంది. అందుకే కట్టడం ఎక్కడ పెట్టాలో ఎంచుకునేటప్పుడు బొమ్మ వేలికి కాస్త పైన కనిపించాలి, వేలు తీశాక 'సరే' అడగాలి. చేసిన పనిని రద్దు చేసే వీలు తప్పనిసరి. పీసీ ఆటలో అది సౌకర్యమైతే ఫోన్‌లో అది న్యాయం. వేలు జారి ధాన్యం గాదె కూలితే, ఆ చలికాలం చచ్చిపోయిన జనానికి ఆడేవాడిని బాధ్యుణ్ని చేయలేం కదా.

ఇక అసలు ముడి దగ్గరికి వద్దాం. ఫోన్ జేబులో ఉన్నప్పుడు ఊళ్లో వాళ్లు ఏం చేస్తున్నారు? 1996లో జపాన్‌లో బండాయ్ అమ్మిన 'తమగోచి' బొమ్మలు దీనికి కఠినమైన జవాబు చెప్పాయి: ఆడినా ఆడకపోయినా కాలం నడుస్తుంది, పట్టించుకోకపోతే ప్రాణి చచ్చిపోతుంది. ఒక్క ప్రాణి కాబట్టి అది చెల్లింది. నలభై మంది ఊరికి అలా చేస్తే, పరీక్షల కోసం వారం రోజులు ఫోన్ పక్కన పెట్టిన పిల్లవాడికి తిరిగొచ్చేసరికి శ్మశానం కనిపిస్తుంది. అప్పుడు రెండే జరుగుతాయి: ఆట తీసేస్తాడు, లేదా పరీక్ష మానేస్తాడు. రెండూ మంచివి కావు. పూర్తిగా కాలాన్ని ఆపేయడం ఇంకో దారి. 'కింగ్‌డమ్' లాంటివి అలాగే చేస్తాయి. మధ్యేమార్గంగా చాలా ఆటలు లాభాన్ని నడిపించి నష్టాన్ని ఆపేస్తాయి, కట్టెలు పోగవుతాయి గానీ ఎవరూ చావరు. వినడానికి బాగుంటుంది, కానీ కొన్నాళ్లకు ఆడకుండా ఉండటమే తెలివైన ఎత్తు అవుతుంది. గాదెకు ఒక పరిమితి పెట్టి, నిండాక పోగవడం ఆపితే ఈ జబ్బు తగ్గుతుంది. ఆ పరిమితి ఎన్ని గంటలకు నిండాలన్నది చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, ఆడేవాళ్ల దినచర్యను నిర్ణయించేది అదే. నాలుగు గంటలని పెడితే రాత్రి రెండుకు అలారం పెట్టుకునేవాళ్లు తయారవుతారు. అంత కక్కుర్తి ఏ ఆటకూ తగదు. ఒక రోజుకు తగ్గకూడదని నా గట్టి అభిప్రాయం.

సాంకేతికంగానూ ఇక్కడో చిక్కు ఉంది. ఫోన్ గడియారాన్ని నమ్మితే, ఆడేవాడు సెట్టింగ్స్‌లో తేదీ మార్చి నెల రోజుల కట్టెలు క్షణంలో కొట్టించేస్తాడు. సర్వర్ గడియారాన్ని నమ్మితే, సిగ్నల్ లేని చోట ఆట తెరుచుకోదు. ఒక్కడే ఆడుకునే ఆటలో మోసం చేస్తే చేయనిమ్మనడం నాకు సబబుగా తోస్తుంది. పక్కవాడితో పోటీ ఉన్నప్పుడే సర్వర్ కావాలి.

టైమర్ల వ్యాపారం మాట చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. హెల్సింకీలోని సూపర్‌సెల్ 2012లో తెచ్చిన 'క్లాష్ ఆఫ్ క్లాన్స్'లో కట్టడం పూర్తవడానికి నిజమైన గంటలు, పై స్థాయిల్లో రోజులు పడతాయి. ఆటలోని రత్నాలు, అంటే జెమ్స్, కొంటే వెంటనే అయిపోతుంది. కట్టే పనివాళ్ల సంఖ్య తక్కువ, ఇంకొకడు కావాలన్నా జెమ్సే. అది కోట దోపిడీల ఆట కాబట్టి ఈ నిరీక్షణలో కొంత వ్యూహం ఉందనుకోవచ్చు. మనుగడ ఆటలు ఇదే పద్ధతిని యథాతథంగా ఎత్తుకొచ్చినప్పుడు చిక్కొచ్చింది. 2017లో కెఫీర్ సంస్థ తెచ్చిన 'లాస్ట్ డే ఆన్ ఎర్త్'లో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు త్వరగా పోవాలంటే ఎనర్జీ ఖర్చు పెట్టాలి, లేకపోతే నడుస్తూ నిజమైన నిమిషాలు వేచి ఉండాలి. 2023లో సెంచురీ గేమ్స్ తెచ్చిన 'వైటవుట్ సర్వైవల్'లో ఊరి నడుమ కొలిమి, చుట్టూ మంచు, వణికే జనం. మొదటి గంట 'ఫ్రాస్ట్‌పంక్' గుర్తొస్తుంది. తర్వాత మెల్లగా చలి వెనక్కి తగ్గి, అప్‌గ్రేడ్ టైమర్లు, కూటములు, ఇతర ఊళ్లతో యుద్ధాలు ముందుకొస్తాయి. చలికి ఎవరు చచ్చిపోతారన్న భయం పోయి, ఎవరు ముందు పై స్థాయికి చేరతారన్న పందెం మిగులుతుంది. ఇది డబ్బు సంపాదించే పద్ధతిగా బాగా పనిచేస్తుందనడంలో సందేహం లేదు. మనుగడ ఆటగా మాత్రం అది తన మొదటి గంటకు ద్రోహం చేసింది. డబ్బుతో కరిగిపోయే చలి ఎవరినీ భయపెట్టదు.

వేచి ఉండలేని ఆడేవాళ్ల అవసరాన్ని ఇంకోలా తీర్చవచ్చని 2015 జూన్‌లో బెథెస్డా 'ఫాలౌట్ షెల్టర్'తో చూపించింది. అణుయుద్ధం తర్వాత భూగర్భంలో జనాన్ని బతికించే ఆట అది. కరెంటు, తిండి, నీళ్లు తయారయ్యే గదులను తొందరపెట్టే 'రష్' బటన్ ఉంది. దానికి డబ్బు అక్కర్లేదు. బదులుగా ప్రమాదం జరిగే శాతం ఎంతో తెర మీదే చూపిస్తారు. తగిలితే సరుకు వెంటనే వస్తుంది. తప్పితే గదికి నిప్పంటుకుంటుంది, బొద్దింకలు వస్తాయి. మళ్లీ మళ్లీ తొందరపెడితే ఆ శాతం పెరుగుతూ పోతుంది. ఓపిక లేని ఆడేవాణ్ని కొట్టుకు పంపకుండా, ఆటలోపలే ఇంకో నిర్ణయం ముందు నిలబెట్టారు. ఆ ఆటలో డబ్బుతో కొనే పెట్టెలూ ఉన్నాయి, నాకవి నచ్చవు. ఆ బటన్ మాత్రం ప్రతి డిజైనరూ విడదీసి చూడాల్సినది. 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' కూడా 2025లో సైన్యం శిక్షణకు పట్టే సమయాన్ని పూర్తిగా ఎత్తేసింది. టైమర్ లేకపోతే ఆట బతకదన్న వాదనకు ఆ వాదన పుట్టిన చోటే సమాధానం దొరికింది.

కష్టాలు ఎప్పుడు రావాలన్నది ఇంకో పెద్ద విషయం. టైనన్ సిల్వెస్టర్ 'రిమ్‌వరల్డ్'లో దీనికి కథకులనే పెట్టాడు. కసాండ్రా మెల్లగా బిగిస్తుంది, ఫీబీ ఊపిరి పీల్చుకోనిస్తుంది, రాండీకి పద్ధతీ పాడూ లేదు. ఊరి సంపద ఎంత పెరిగితే దాడి అంత పెద్దదవుతుంది. దాంతో అవసరం లేని వస్తువులు పోగుచేయడమే ప్రమాదమవుతుంది. ఫోన్ ఆటకు ఫీబీ లాంటి కథకురాలు ఎక్కువ అవసరం. ఫోన్ మోగిన క్షణంలోనే తోడేళ్లు వస్తే అది కష్టం అనిపించుకోదు, అపచారం అనిపించుకుంటుంది. యాప్ వెనక్కి పోయిన ఆ క్షణంలోనే ఆట ఆగి, స్థితి మొత్తం భద్రమవ్వాలి. వెనక్కి పోయిన యాప్‌ను మెమరీ కోసం ఆండ్రాయిడ్ ఎప్పుడైనా చంపేయగలదు. అమ్మతో ఫోన్ మాట్లాడి వచ్చేసరికి చలికాలం మళ్లీ మొదటి నుంచి వస్తే ఆ ఆటను ఎవరూ రెండోసారి తెరవరు.

యంత్రం లోపలి సంగతులు క్లుప్తంగా. రెండు వందల మంది జనం ప్రతి ఒక్కరూ దారి వెతుక్కోవాలి. 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో హార్ట్, నిల్సన్, రఫేల్ చెప్పిన ఏ-స్టార్ పద్ధతే ఇప్పటికీ ఆధారం. అందరూ ఒకే గాదెకు పోతున్నప్పుడు రెండు వందల దారులు విడివిడిగా లెక్కించక్కర్లేదు, గాదె నుంచి వెనక్కి ఒకే లెక్క వేసి అందరికీ వాడొచ్చు. బొమ్మ సెకనుకు 30 సార్లు మారినా, జనం ఆలోచన సెకనుకు నాలుగైదు సార్లు సాగితే ఎవరికీ తేడా తెలియదు. ఫోన్ వేడెక్కకుండా ఉంటుంది. బ్యాటరీ తినేసే ఆటను మన వేసవిలో ఎవరూ పది నిమిషాలు కూడా పట్టుకోలేరు.

ఇంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎక్కువమంది దాటేస్తారు. కంప్యూటర్ తెరవకముందే ఆటను కాగితం మీద ఆడాలి. నాలుగు గళ్ల కాగితం, చింతగింజలు కొన్ని, నలుగురు మనుషులు చాలు. గింజలు ధాన్యం. ప్రతి మనిషికీ ఒక కుటుంబం. వర్షం ఎంతో పాచికలు చెబుతాయి. ఒక చలికాలం గడవాలంటే ఒక్కో కుటుంబానికి నాలుగు గింజలు కావాలి, మొత్తం పద్నాలుగే ఉన్నాయి. ఎవరికి తగ్గించాలి? బల్ల చుట్టూ వాదన మొదలైతే ఆటకు ప్రాణం ఉన్నట్టు. ఎవరూ మాట్లాడకుండా గింజలు పంచేసుకుంటే అంకెలు మార్చాలి, ఇంకో రెండు గింజలు తీసేయాలి. ఈ పని ఒక సాయంత్రంలో అవుతుంది. ఇదే సంగతి యూనిటీ లాంటి గేమ్ ఇంజిన్‌లో కట్టాక తెలిస్తే నెలలు పోతాయి.

యూనిటీ పేరు వచ్చింది కాబట్టి తెలుగులో ఆట తేవాలనుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ అక్షరాలు చూపించడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన లిపి అల్లికను సొంతంగా అర్థం చేసుకోదు. 'స్త్రీ' అని రాస్తే ఒత్తులు కిందికి పోక పక్కన వరసగా నిలబడతాయి, 'రాష్ట్రం' ముక్కలైపోతుంది. గోడో అనే ఇంకో ఇంజిన్‌లో 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ ఇలాంటి లిపులను సరిగ్గా కూర్చుతుంది. మొదటి వారమే 'స్త్రీ', 'వ్యవసాయక్షేత్రం', 'పూర్తయ్యింది' లాంటి మాటలు బటన్ల మీద పెట్టి చూసుకోవాలి. బటన్ వెడల్పు కూడా అప్పుడే తేలుతుంది. ఆట మొత్తం అయ్యాక అనువాదం తగిలిద్దామనుకుంటే తెలుగు మాట బటన్ దాటి బయటికి వేలాడుతుంది.

డబ్బు, చట్టం సంగతి. అమెరికాలో 'ఫోర్ట్‌నైట్' తయారీదారు ఎపిక్ మీద, ఆడేవాళ్లను తికమక పెట్టి కొనిపించే బటన్ల విషయంలో 2022లో వ్యాపార నియంత్రణ సంస్థ చర్య తీసుకుంది. 24.5 కోట్ల డాలర్లు వాపసుల కింద కట్టాల్సి వచ్చింది. లోపల ఏముందో తెలియకుండా డబ్బుతో కొనే పెట్టెలను బెల్జియం 2018లో జూదంగా లెక్కగట్టింది. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్, వినోదపు ఆటలకు వీలు ఉంచింది. ఊరు కట్టే ఆట రెండో వైపునే ఉంటుంది. ఆటలో సంపాదించిన వస్తువును నగదుగా మార్చుకునే దారి పెడితే మాత్రం ఆ గీత దగ్గరికి వెళ్లినట్టే. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల కదలికలు గమనించి ప్రకటనలు గురిపెట్టడాన్ని వద్దంటుంది. ఈ ఆటలు ఆడేవాళ్లలో పిల్లలెందరో చెప్పక్కర్లేదు. మొదటి చలికాలం ఉచితంగా ఆడనిచ్చి, మిగతా ఆటకు ఒకేసారి ధర తీసుకోవడం నాకు అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. దానితో వచ్చే డబ్బు తక్కువ కావచ్చు. చిన్న బృందానికి మాత్రం ఒక గొప్ప స్వేచ్ఛ దొరుకుతుంది: ఆటలోని ప్రతి అంకెనూ ఆట కోసమే పెట్టుకోవచ్చు.

అలాంటి ఆటను హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరైనా మొదలుపెడితే మంచు ఎందుకు? వార్సా వాళ్లకు చలి తెలుసు. మనకు తెలిసింది నీళ్లు. పాత వరంగల్ జిల్లాలో కాకతీయుల కాలం నాటి రామప్ప, పాకాల, లక్నవరం ఇప్పటికీ పొలాలను తడుపుతున్నాయి. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. అంటే పై ఊరివాళ్లు మత్తడి ఒక జానెడు పెంచుకుంటే కింది ఊరి ఆయకట్టు ఎండుతుంది. ఏటా పూడిక చేరుతుంది, తీయకపోతే చెరువు నిండినట్టే కనిపిస్తుంది గానీ నీళ్లుండవు. ఇది 'బానిష్డ్'లోని కట్టని ఇళ్ల లాంటి తప్పే, ఆలస్యంగా దెబ్బ కొడుతుంది. నీరటికాడు ఏ పొలానికి ఎప్పుడు తూము ఎత్తాలో చూస్తాడు. అతన్ని పొలం పనికి లాగేస్తే కొన్ని చేతులు పెరుగుతాయి, కానీ వానరాత్రి కట్ట మీద కాపలా ఉండడు. గండి పడితే ఆ రాత్రే పడుతుంది. పూడిక మట్టిని పొలాల్లో పోస్తే పంట పెరుగుతుంది, కాబట్టి ఆ పనికి ఊరి మనుషులను దించడం భారం మాత్రమే కాదు, పెట్టుబడి కూడా. శత్రువును వేరే కల్పించాల్సిన పనే లేదు. ఎదురుగా ఉన్నది పొరుగూరు, పైన ఉన్నది మబ్బు.

జేబులోని ఫోన్ ప్రశ్నకు కూడా ఈ నేలే జవాబు ఇస్తుంది. మన వ్యవసాయం కార్లుగా, కార్తెలుగా ముందే విడిపోయి ఉంది. ఒక కార్తె అంటే పది నిమిషాల ఆట. మృగశిరకు ముందు కట్ట మరమ్మతు, పూడిక, విత్తనం లెక్క. వానలు మొదలయ్యాక తూము నిర్ణయాలు. కోతలయ్యాక గాదెలు, పంపకాలు. కార్తె పూర్తయితే ఆట తనంతట తానే ఆగుతుంది, ఊరు అక్కడే నిలుస్తుంది. ఆడేవాళ్లు మర్నాడు వచ్చినా పదిహేను రోజులకు వచ్చినా ఎవరూ చచ్చిపోయి ఉండరు, కట్టెలు ఊరికే పోగుపడి ఉండవు. తెరవగానే పాత నిర్ణయాల ఫలితాలు నాలుగు ముక్కల్లో నీరటికాడే చెబుతాడు: చెరువులో ఎంత నీరుంది, కట్ట ఎక్కడ మెత్తబడింది, కింది ఊరి నుంచి ఎవరు వచ్చి వెళ్లారు, ఏమన్నారు. ఆ తర్వాత రోహిణి చివరి రోజు ఎండలో ఆట మొదలవుతుంది. పూడిక తీయడానికి ఇంకా ఎనిమిది మంది ఉన్నారు, విత్తనానికి చాలినంత ధాన్యం లేదు.